జంతువుల చేత మాట్లాడించిన వాల్ట్ డిస్నీ

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం రాసి ఇవ్వమని మన సంపాదకవర్గంవారు కోరినప్పుడు ఒప్పుకున్నాను గాని, ఎవరి గురించి రాయాలో వెంటనే తోచలేదు. గాంధీగారి గురించి, విశ్వేశ్వరయ్యగారి గురించి నాకంటే బాగా తెలిసినవారు మన సంఘంలోనే ఉన్నారు. అప్పుడు 2024 డిసెంబరులో జరిగిన ఒక సంగతి గుర్తుకు వచ్చింది. క్రిస్మస్ సెలవులకు వచ్చిన మనుమరాలు నన్ను ‘ముఫాసా’ సినిమాకు లాక్కుపోయింది. ఈ వయసులో సింహాల సినిమా ఏమిటని సణుక్కుంటూనే వెళ్ళాను. సింహం మహేశ్‌బాబు గొంతుతో తెలుగు మాట్లాడుతుంటే హాలంతా ఈలలు. వరదలో తల్లిదండ్రులకు దూరమైన సింహం పిల్లను చూసి నా పక్క సీటులోని పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నానన్న సంగతి మా మనుమరాలు ఇంటికి వచ్చి అందరికీ చెప్పేసింది. సింహానికి కష్టం వస్తే తాతయ్య ఎందుకు ఏడ్చాడన్నది దాని ప్రశ్న. అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాను. తరవాత ఆ ప్రశ్న పట్టుకుని పోతే వాల్ట్ డిస్నీ జీవితం దగ్గర తేలాను. మా అబ్బాయి తెప్పించి ఇచ్చిన పుస్తకాలు చదివి, పాత సినిమాలు కొన్ని మళ్ళీ చూసి ఈ వ్యాసం రాస్తున్నాను.

జంతువులు మాట్లాడడం మనకు కొత్త కాదు. చిన్నయసూరి నీతిచంద్రికలో చిత్రగ్రీవుడనే పావురాల రాజును, వల కొరికి స్నేహితులను విడిపించిన హిరణ్యకుడనే ఎలుకను మన తరంవాళ్ళం బళ్ళో బట్టీ పట్టినవాళ్ళమే. అయితే ఆ ఎలుకకు నీతి తెలుసు గాని, దాని నడక ఎలా ఉంటుందో, భయపడితే చెవులు ఏమవుతాయో మనకు తెలియదు. అవి కంటికి చూపించినవాడు డిస్నీ.

వాల్టర్ ఎలియాస్ డిస్నీ 1901 డిసెంబరు 5న అమెరికాలోని షికాగో నగరంలో పుట్టాడు. నలుగురు మగపిల్లల్లో ఆఖరివాడు, ఆయన తరవాత ఒక చెల్లెలు. తండ్రి ఎలియాస్ ఏ పని మొదలుపెట్టినా కలిసిరాని మనిషి, పైగా కోపిష్ఠి. తల్లి ఫ్లోరా సౌమ్యురాలు. 1906లో ఈ కుటుంబం మిస్సోరీ రాష్ట్రంలో మార్సెలీన్ అనే చిన్న ఊరికి వ్యవసాయానికి వెళ్ళింది. అక్కడ ఉన్నది అయిదేళ్ళే అయినా ఆ పందులు, కోళ్ళు, గుర్రాలు ఆయనను జీవితాంతం వదలలేదు. పొరుగునున్న డాక్టరుగారు తన గుర్రం బొమ్మ గీయించుకుని డబ్బు ఇచ్చారట. ఒకనాడు ఒక గుడ్లగూబను పట్టుకోబోతే అది తిరగబడిందని, భయంతో తొక్కి చంపేశాడని, ఆ తప్పు చాలాకాలం కలలోకి వచ్చి బాధించిందని అంటారు.

వ్యవసాయం కూడా దెబ్బతిని తండ్రి కాన్సస్ సిటీకి మకాం మార్చి వార్తాపత్రికలు పంచే కాంట్రాక్టు తీసుకున్నాడు. తొమ్మిదేళ్ళ వాల్ట్, అన్న రాయ్ తెల్లవారుజామున లేచి, మోకాలి లోతు మంచులో ఇంటింటికీ పేపర్లు వేసి, ఆ తరవాత బడికి పోయేవారు. సాయంత్రం మళ్ళీ ఇంకో పత్రిక. ఇది ఆరేళ్ళు సాగింది. తండ్రి వాల్ట్‌కు పైసా జీతం ఇవ్వలేదు. తిండి పెడుతున్నానుగా అన్నది ఆయన వాదన. పెద్దవాడయ్యాక కూడా ఎవరింటికో పేపరు వేయడం మరిచిపోయానన్న పీడకలతో వాల్ట్ ఉలిక్కిపడి లేచేవాడట. పనిచేసి జీతం అడిగితే పెద్దమనిషికి కోపం రావడం ఎలా ఉంటుందో ఆయనకు చిన్నప్పుడే తెలుసు. ఈ మాట మిత్రులు గుర్తుంచుకోవాలి, దీనితో పని ఉంది.

మొదటి ప్రపంచయుద్ధం చివర వయసు ఎక్కువ చెప్పి రెడ్‌క్రాస్‌లో చేరి ఫ్రాన్సులో అంబులెన్సు నడిపి వచ్చాడు. కాన్సస్ సిటీకి తిరిగి వచ్చి ప్రకటనల బొమ్మలు గీస్తూ, అబ్ ఐవర్క్స్ అనే అద్భుతమైన చిత్రకారునితో స్నేహం చేశాడు. సొంతంగా పెట్టిన కార్టూన్ కంపెనీ 1923లో దివాలా తీసింది. అదే ఏడాది చేతిలో సుమారు 40 డాలర్లతో హాలీవుడ్ రైలెక్కాడు. అక్కడ అన్న రాయ్‌తో కలిసి పెట్టిన చిన్న స్టూడియోయే నేటి డిస్నీ సంస్థ. బొమ్మలు, కథలు తమ్ముడివి, లెక్కలు అన్నవి. లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవాడిని కనుక నాకు రాయ్ మీద ప్రత్యేకమైన అభిమానం. ఆయన లేకపోతే వాల్ట్ ఇంకా రెండుసార్లయినా దివాలా తీసేవాడని నా నమ్మకం. 1925లో తన స్టూడియోలోనే పనిచేసే లిలియన్ అనే అమ్మాయిని వాల్ట్ పెళ్ళి చేసుకున్నాడు.

1927లో ఆస్వాల్డ్ అనే కుందేలు బొమ్మతో మొదటిసారి పేరు వచ్చింది. మరుసటి ఏడాది చిత్రానికి ఇచ్చే సొమ్ము పెంచమని అడగడానికి భార్యతో న్యూయార్క్ వెళ్ళాడు. పంపిణీదారు చార్లెస్ మింట్జ్ పెంచకపోగా, ఇకమీదట చిత్రానికి 1800 డాలర్లే ఇస్తానన్నాడు. పైగా వాల్ట్ దగ్గర పనిచేసే బొమ్మలవాళ్ళను చాలామందిని అప్పటికే తనవైపు తిప్పుకున్నాడు. కుందేలు మీద హక్కులు ఒప్పందం ప్రకారం యూనివర్సల్ కంపెనీవి. కాగితం సరిగా చూసుకోకుండా సంతకం పెట్టినందుకు సొంత బిడ్డలాంటి కుందేలు చేజారింది. తిరుగు రైలులో ఎలుక ఆలోచన పుట్టిందని, మార్టిమర్ అన్న పేరు భార్యకు నచ్చక మిక్కీ అయిందని చెబుతారు. రైలు సంగతి ఎంతవరకు నిజమో గాని, మిక్కీ మౌస్ రూపం తీర్చినవాడు ఐవర్క్స్, గొంతు ఇచ్చినవాడు వాల్ట్. 1940 దశకం మధ్య వరకు ఆ కీచుగొంతు ఆయనదే. 1928 నవంబరు 18న న్యూయార్కులో ‘స్టీమ్‌బోట్ విల్లీ’ విడుదలైంది. బొమ్మ కదలికకు సరిగ్గా తాళం పడేటట్లు శబ్దం చేర్చిన ఆ ఏడెనిమిది నిమిషాల చిత్రంతో ఆయన దశ తిరిగింది.

నా దృష్టిలో ఎలుక కంటే పెద్ద అడుగు 1933లో వచ్చిన ‘మూడు చిన్న పందులు’. మూడు పందులూ చూడడానికి ఒకేలా ఉంటాయి. కాని ఇటుకల ఇల్లు కట్టేది నడిచే తీరు వేరు, సోమరిపోతులు రెండూ గంతులేసే తీరు వేరు. రూపంలో తేడా లేకుండా స్వభావంలో తేడా చూపించడం అప్పటికి కార్టూన్లలో అరుదు. ఆ రోజుల్లో అమెరికాలో ఆర్థికమాంద్యం. ఉద్యోగాలు పోయి, బ్యాంకులు మూతబడి జనం అల్లాడుతున్నారు. గుమ్మం ముందు నిలబడి ఇల్లు ఊదిపారేస్తానన్న తోడేలు పిల్లలకు తోడేలే, వాళ్ళ నాన్నలకు మాత్రం ఆకలి. ఒకే సినిమాను రెండు వరసలవాళ్ళు రెండు రకాలుగా చూశారు.

తరవాత పూర్తి నిడివి బొమ్మల సినిమా తీస్తానంటే హాలీవుడ్ నవ్వింది. ఎందుకు నవ్విందో లెక్క వేసి చూశాను. సెకనుకు 24 ఫ్రేములు. నిమిషానికి 1440. ‘స్నో వైట్’ నిడివి 83 నిమిషాలు, అంటే దాదాపు 1,20,000 ఫ్రేములు. ఒక బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకునే వీలున్నా, ఒక్కో ఫ్రేములో రెండు మూడు పాత్రలుంటే పని మళ్ళీ అంతకంత అవుతుంది. ప్రతి గీతనూ పారదర్శకమైన షీటు మీద ఇంకుతో దించి, వెనకవైపు రంగు వేయాలి. ఈ ఇంకు, రంగుల పని అంతా ఆడపిల్లలది. సృజనాత్మకమైన బొమ్మల పని మగవాళ్ళకే అన్నది ఆనాటి స్టూడియో నియమం. 1934లో ఒక రాత్రి వాల్ట్ తన చిత్రకారులను కూర్చోబెట్టి, రాణిగా, మరుగుజ్జులుగా, అన్ని పాత్రలూ తానే నటించి కథంతా చూపించాడు. మూడేళ్ళ చాకిరీలో కుంగిపోయినప్పుడల్లా ఆ రాత్రిని తలుచుకునేవాళ్ళమని వాళ్ళు తరవాత చెప్పుకున్నారు. ఖర్చు సుమారు 15 లక్షల డాలర్లకు చేరింది, బ్యాంకు అప్పుతో గట్టెక్కారు. 1937 డిసెంబరు 21న విడుదలై మొదటి విడతలోనే సుమారు 80 లక్షల డాలర్లు వసూలు చేసింది.

చేతిలో డబ్బు ఆడగానే అన్నదమ్ములు తల్లిదండ్రులకు తమ దగ్గరలోనే ఇల్లు కొని పెట్టారు. ఆ ఇంట్లో చలికి వేడినిచ్చే కొలిమి సరిగా పనిచేయడం లేదని తల్లి చెబితే స్టూడియో మనుషులనే పంపి బాగుచేయించారు. బాగవలేదు. 1938 నవంబరు 26న ఆ కొలిమి నుంచి వచ్చిన విషవాయువుకు ఫ్లోరా చనిపోయింది. ఎలియాస్ బతికి బయటపడ్డాడు. కొడుకులు ప్రేమతో కొన్న ఇల్లే తల్లి ప్రాణం తీసింది. వాల్ట్ ఆ విషయం ఎవరితోనూ మాట్లాడేవాడు కాదట.

‘డంబో’ 1941లో, ‘బాంబి’ 1942లో వచ్చాయి. రెండింటిలోనూ తల్లికి దూరమైన పిల్ల జంతువే నాయకుడు. తల్లి పోయిన దుఃఖంతోనే ఆ సినిమాలు తీశాడని కొందరు రాస్తారు. నేను అంత దూరం పోను. బాంబి తల్లి మరణం ఫెలిక్స్ సాల్టెన్ 1923 నాటి నవలలోనే ఉంది, సినిమా పని కూడా ఫ్లోరా ఉండగానే మొదలైంది. కాని ఆ ఘట్టాన్ని ఎలా తీశారో చూడండి. మంచులో తల్లి, పిల్ల పరుగెడుతుంటాయి. తుపాకీ మోత వినిపిస్తుంది. తల్లి పడిపోవడం చూపించరు. పిల్ల వెనక్కి తిరిగి పిలుస్తుంది, మంచు కురుస్తూ ఉంటుంది, అంతే. ఈ సినిమా కోసం రెండు లేడి పిల్లలను స్టూడియోలో పెంచి చిత్రకారుల చేత రోజూ గీయించారు. కాళ్ళు, కీళ్ళు నిజం లేడివే. ముఖంలో మాత్రం పసిపిల్లల ముఖకవళికలు కలిపారు. మన కళ్ళు లేడిని చూస్తుంటాయి, మనసు పసిబిడ్డను చూస్తుంటుంది. మా మనుమరాలి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ దొరికింది.

మిగతా సగం డంబోలో దొరికింది. మాట్లాడే జంతువుల సినిమాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. చిత్రమేమంటే ఇందులో డంబో అనే ఏనుగు పిల్ల మొదటినుంచి చివరిదాకా ఒక్క మాట కూడా మాట్లాడదు. చుట్టూ ఉన్న ఏనుగులు అమ్మలక్కల మాదిరి దాని చెవుల గురించి ఆడిపోసుకుంటాయి, ఎలుక స్నేహితుడు లొడలొడ వాగుతాడు, అది మాత్రం కళ్ళతోనే. పిల్లను ఏడిపించినవాళ్ళ మీద తిరగబడిన తల్లిని పిచ్చి ఏనుగని ముద్రవేసి బోనులో పెడతారు. రాత్రివేళ పిల్ల అక్కడికి పోతే, తల్లి ఊచల్లోంచి తొండం మాత్రం బయటికి చాచి అందులో ఊపుతుంది. మా అమ్మ పోయినప్పుడు నేను బదిలీ మీద వేరే జిల్లాలో ఉన్నాను. టెలిగ్రాం అందుకుని ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. ఆ తొండం చూస్తుంటే నాకు గుర్తుకు వచ్చింది ఏనుగు కాదు.

ఇక నాకు ఇబ్బంది కలిగించే భాగానికి వస్తాను. దాచిపెట్టి రాయడం మన సంఘం పత్రికకు తగదు.

స్నో వైట్ కోసం రాత్రింబవళ్ళు పనిచేసినవాళ్ళు లాభాల్లో తమకు ఏదైనా ముడుతుందని ఆశపడ్డారు. సొమ్ము బర్‌బాంక్‌లో కొత్త స్టూడియో కట్టడానికి పోయింది. పెద్ద చిత్రకారులకు వారానికి వందల డాలర్లు ఉంటే, ఇంకు, రంగుల పని చేసే అమ్మాయిలకు, సహాయకులకు పాతిక డాలర్ల లోపే. ఇంక్రిమెంటు ఎవరికి ఎందుకు వస్తుందో ఒక పద్ధతి లేదు. తెర మీద పేరు ఎవరికి వేస్తారో తెలియదు. యుద్ధం వల్ల యూరపు మార్కెట్టు మూతబడి 1940 నాటి ‘పినోకియో’, ‘ఫాంటాసియా’ నష్టపోయాయి. ఉద్యోగాలు తీసేయడం మొదలైంది. 1941 ఫిబ్రవరిలో వాల్ట్ సిబ్బందినంతా కూర్చోబెట్టి, తాను పడ్డ కష్టాలు ఏకరువు పెట్టి, ఎదగలేకపోతే తప్పు మీదేనన్న ధోరణిలో ప్రసంగించాడు. ఆ ప్రసంగం విన్నాక యూనియన్‌లో చేరినవాళ్ళు ఎక్కువయ్యారు.

ఆర్ట్ బాబిట్ అని స్నో వైట్‌లో రాణి బొమ్మ గీసిన గొప్ప చిత్రకారుడు ఉండేవాడు. బాగా జీతం వచ్చేవాళ్ళలో ఒకడు. అయినా సహాయకుల తరఫున యూనియన్‌లో నిలబడ్డాడు. మేలో ఆయనను ఉద్యోగంలోంచి తీసేశారు. మర్నాడు, 1941 మే 29న, వందలమంది గేటు బయట నిలబడ్డారు. చిత్రకారులు కావడంతో ప్లకార్డుల మీద కూడా మంచి బొమ్మలు వేసుకున్నారు. మనలో చాలామందిమి సమ్మెల్లో గేటు దగ్గర నిలబడ్డవాళ్ళమే. జీతం రాని నెలలో కిరాణా కొట్టువాడి ముఖం ఎలా చూశామో మనకు తెలుసు. పైసా లేకుండా ఆరేళ్ళు పేపర్లు వేసిన కుర్రవాడు ఆ గేటులోంచి కారులో లోపలికి పోతూ బయటివాళ్ళను ద్రోహులుగా చూశాడంటే నాకు మింగుడుపడదు. ఆయనకు అది జీతాల తగాదాగా కనిపించలేదు, సొంత ఇంట్లో తిరుగుబాటుగా కనిపించింది. తన తండ్రికి కనిపించినట్లే.

ఆగస్టులో వాల్ట్ ప్రభుత్వం తరఫున దక్షిణ అమెరికా పర్యటనకు వెళ్ళాడు. ఆయన లేనప్పుడు మధ్యవర్తుల సాయంతో రాయ్ వ్యవహారం తేల్చాడు. యూనియన్‌కు గుర్తింపు వచ్చింది, జీతాలు పెరిగాయి. ఆ పర్యటనలో ఉండగానే తండ్రి పోయిన కబురు అందింది. సమ్మె సమయంలోనే పూర్తవుతున్న డంబోలో, సర్కసు బఫూన్లు తాగి జీతం పెంచమని యజమానిని అడగడానికి పోయే ఒక దృశ్యం ఉంది. సమ్మెదారులను వెక్కిరించడానికే పెట్టారని అంటారు. మొన్న చూసినప్పుడు ఆ చోట నాకు నవ్వు రాలేదు.

1947లో వాల్ట్ అమెరికా పార్లమెంటు సంఘం ముందు హాజరై, ఆ సమ్మె కమ్యూనిస్టుల పని అని చెప్పి కొందరి పేర్లు కూడా ఇచ్చాడు. బాబిట్ న్యాయపోరాటం చేసి తిరిగి ఉద్యోగం సంపాదించాడు గాని ఎక్కువకాలం ఉండలేదు. బాంబిలో మంచుపొగ కమ్మిన అడవి దృశ్యాల తీరు నిర్ణయించిన టైరస్ వాంగ్ చైనానుంచి చిన్నతనంలో వలస వచ్చినవాడు. సమ్మె గొడవల్లో ఆయన ఉద్యోగమూ పోయింది. తెర మీద నేపథ్య చిత్రకారుల వరసలో ఒక పేరుగానే మిగిలాడు. 2001లో సంస్థ ఆయనను సత్కరించింది, అప్పటికి ఆయనకు తొంభై దాటాయి. అదే సినిమాలో వేటకుక్కలు తరిమే భయంకర దృశ్యం రెట్టా స్కాట్ అనే యువతి గీసింది. ఆ స్టూడియోలో యానిమేటరుగా తెర మీద పేరు పడిన మొదటి స్త్రీ ఆమె.

ఆ తరవాత కథ చాలామందికి తెలిసినదే. 1955లో డిస్నీలాండ్, టెలివిజన్ కార్యక్రమాలు, గౌరవ పురస్కారాలతో కలిపి మొత్తం 26 ఆస్కార్లు. బొమ్మల సినిమాల మీద ఆయనకు మునుపటి పట్టుదల తగ్గింది. మళ్ళీ ఒకసారి గట్టిగా పట్టించుకున్నది మన దేశపు కథను. బొంబాయిలో పుట్టిన కిప్లింగ్ మధ్యప్రదేశ్‌లోని సివనీ అడవుల నేపథ్యంగా రాసిన ‘జంగిల్ బుక్’. బాలూ, బఘీరా, షేర్‌ఖాన్, హాథీ, అన్నీ మన పేర్లే. మొదట రాసిన కథ మరీ చీకటిగా ఉందని వాల్ట్ మార్పించాడు, దానితో పాతకాలపు రచయిత బిల్ పీట్ సంస్థ వదిలిపోయాడు. పుస్తకంలో మౌగ్లీకి మిత్రుడైన కొండచిలువ సినిమాలో శత్రువైంది. పుస్తకంలో కోతులకు రాజే లేడు, సినిమాలో వచ్చాడు. కిప్లింగ్ అభిమానులకు కోపం రావడం న్యాయమే. అయినా సోమరి బాలూ వీపు గోక్కునే చోట ఎవరి కోపమైనా నిలవదు. సిగరెట్లు మానని వాల్ట్ ఊపిరితిత్తుల క్యాన్సరుతో 1966 డిసెంబరు 15న, 65 నిండిన పది రోజులకు పోయాడు. సినిమా 1967 అక్టోబరులో విడుదలైంది. చాలా ఏళ్ళ తరవాత పట్నంలో ఇంగ్లీషు సినిమాలు ఆడే హాలుకు మా అబ్బాయిని తీసుకెళ్ళి చూపించాను. ఒక్క ముక్క ఇంగ్లీషు రాని వాడూ, సగం అర్థమైన నేనూ ఒకేచోట నవ్వాం.

1928లో చేజారిన ఆస్వాల్డ్ కుందేలు 2006లో డిస్నీ సంస్థకు తిరిగి వచ్చింది. ఒక క్రీడా వ్యాఖ్యాతను అవతలి కంపెనీకి వదిలిపెట్టి, బదులుగా కుందేలును తెచ్చుకున్నారు! లెక్కల విభాగంవాళ్ళు ఇలాంటి సర్దుబాటు ఎక్కడా చూసి ఉండరు. ‘స్టీమ్‌బోట్ విల్లీ’ నాటి మిక్కీ మీద హక్కులు అమెరికాలో 2024 జనవరి 1తో తీరిపోయాయి. ఆ పాత ఎలుక ఇప్పుడు ఎవరిదీ కాదు, అందరిదీ.

మా మనుమరాలికి వేసవి సెలవులు రాగానే డంబో చూపిస్తానని ఫోనులో చెప్పాను. ఏనుగు కథ కొంచెం చెప్పాను కూడా. బోనులో పెట్టిన అమ్మను చివరికి వదిలిపెడతారా లేదా అని అడిగింది. ముగింపు ముందే చెప్పకూడదని తెలుసు. అయినా వదిలిపెడతారని చెప్పేశాను.